ఫ్రేమ్‌వర్క్ 16లో అదనపు స్టోరేజ్: డ్యూయల్ ఎం.2 అడాప్టర్, సొంతంగా చేయించుకున్న కార్డు రెండూ వాడాక

ముందే చెప్పేస్తాను. ఫ్రేమ్‌వర్క్ లాప్‌టాప్ 16లో స్టోరేజ్ పెంచుకోవాలంటే వెనక ఎక్స్‌పాన్షన్ బేలో (విడి మాడ్యూల్ పెట్టుకునే అరలో) పెట్టే డ్యూయల్ ఎం.2 అడాప్టర్ తీసుకోండి, అది ఎం.2 అనే పల్చటి పలకల్లాంటి ఎస్ఎస్‌డీలు రెండు పట్టే మాడ్యూల్. పక్క స్లాట్‌లో దూరే స్టోరేజ్ కార్డు సొంతంగా తయారు చేసుకోవడం కూడా కుదురుతుంది, నేను చేయించుకున్నాను, ఇప్పటికీ వాడుతున్నాను, కానీ అది వేరే పనికి. ఈ రెండూ ఒకే పని చేస్తాయి అనుకుని దిగితే డబ్బూ సమయమూ రెండూ పోతాయి. అందుకే రెండింటి గురించీ ఒకేచోట రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం కొంచెం. ఫ్రేమ్‌వర్క్ అనే కంపెనీ 2021లో తన మొదటి లాప్‌టాప్ తెచ్చింది, ఇప్పుడు దాన్నే 13 అంటున్నారు. 16 అంగుళాల మోడల్ 2024లో కొన్నవాళ్ళ చేతికి రావడం మొదలైంది. పక్కల్లో ఉండే పోర్టులన్నీ మార్చుకోగల చిన్న కార్డులు, 13లో నాలుగు, 16లో ఆరు. లోపల ఎస్ఎస్‌డీ స్లాట్లు 13లో ఒకటే, 2280 సైజుది, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. 16లో దానితో పాటు 30 మిల్లీమీటర్ల పొడవున్న చిన్న 2230 స్లాట్ ఇంకొకటి ఉంది. చాలామందికి ఇది సరిపోతుంది. నాకు సరిపోలేదు, ఎందుకంటే వీడియో ఫుటేజ్ అంతా ఎక్స్‌టర్నల్ డ్రైవుల్లో పెట్టుకుని కేబుల్ కదిలినప్పుడల్లా టెన్షన్ పడటం నాకు ఇష్టం లేదు, పైగా మెయిన్ సిస్టమ్‌ను ముట్టుకోకుండా ప్రయోగాలు చేసుకోవడానికి విడిగా ఒక లినక్స్ కావాలి.

ముందు అడాప్టర్ సంగతి. 16లో స్క్రీన్ మడత వెనక ఉండే బేకు ప్రాసెసర్ నుంచి నేరుగా పీసీఐఈ 4.0 లేన్లు (డేటా వేగంగా వెళ్ళే దారులు) ఎనిమిది వస్తాయి. గ్రాఫిక్స్ మాడ్యూల్ వాడుకునేది వాటినే. ఈ అడాప్టర్ ఆ ఎనిమిదింటినీ నాలుగు నాలుగుగా పంచి రెండు 2280 ఎస్ఎస్‌డీలకు ఇస్తుంది. అంటే ఒక్కొక్క డ్రైవుకు లెక్క ప్రకారం సెకనుకు 7 జీబీ పైన దారి ఉన్నట్టే, లోపలి మెయిన్ స్లాట్‌తో సమానం. మధ్యలో యూఎస్‌బీ లేదు, అనువాదం చేసే చిప్ లేదు. సిస్టమ్‌కు ఇవి మామూలు ఎన్‌విఎంఈ (పీసీఐఈ మీద నేరుగా నడిచే) డ్రైవుల్లాగే కనిపిస్తాయి, ట్రిమ్ (చెరిపేసిన చోటు ఖాళీ అని డ్రైవుకు చెప్పడం) పనిచేస్తుంది, ఆరోగ్యం చూపించే స్మార్ట్ వివరాలు నేరుగా వస్తాయి, వాటినుంచి బూట్ కూడా చేసుకోవచ్చు. నేను రెండు డ్రైవులనూ మిర్రర్‌గా పెట్టుకున్నాను, ఒకటి చచ్చినా రెండోదానిలో అంతా ఉంటుంది. లాప్‌టాప్‌లో ఇంత తేలిగ్గా మిర్రర్ పెట్టుకోగలగడం నాకైతే చాలా పెద్ద విషయం. (బ్యాకప్ మాత్రం వేరే తీసుకోవాల్సిందే. పొరపాటున డిలీట్ చేసిన ఫైల్ రెండుచోట్లా ఒకేసారి పోతుంది.)

లెక్క కావాలంటే, 500 జీబీ ఫుటేజ్ కాపీ చేయాలనుకోండి. పక్క స్లాట్‌లో పెట్టే యూఎస్‌బీ కార్డు సెకనుకు 1 జీబీ ఇస్తే దాదాపు ఎనిమిదిన్నర నిమిషాలు. బేలోని డ్రైవు సెకనుకు 5 జీబీ నిలబెట్టగలిగితే 100 సెకన్లు. నిజానికి ఏ డ్రైవూ అంత సేపు అదే వేగంతో రాయదు, కాష్ (వేగంగా రాసుకునే తాత్కాలిక చోటు) నిండాక తగ్గుతుంది, అది డ్రైవును బట్టి ఉంటుంది. కానీ తేడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

ఇప్పుడు దీని ఇబ్బందులు. మొదటిది, గ్రాఫిక్స్ మాడ్యూల్ ఉంటే ఇది ఉండదు. రెండింటికీ చోటు ఒకటే, లేన్లూ అవే. నా ఎడిటింగ్ ప్రాసెసర్‌లోని రేడియాన్ 780ఎం గ్రాఫిక్స్ మీదే నడిచిపోతుంది కాబట్టి నాకు బాధ లేదు, గేములు ఆడేవాళ్ళు, త్రీడీ పని చేసేవాళ్ళు మాత్రం ఆలోచించుకోవాలి. మార్చి మార్చి వాడుకుందాం అనుకుంటే కుదురుతుంది గానీ రోజూ చేసే పని కాదది. లాప్‌టాప్ ఆపేసి, టచ్‌ప్యాడ్, కీబోర్డు ఎత్తి, కింద ఉన్న ఇంటర్‌పోజర్ స్క్రూలు విప్పి, అప్పుడు మాడ్యూల్‌ను వెనక్కి లాగాలి. ఆ ఇంటర్‌పోజర్‌ను ఒకసారి దగ్గరగా చూడండి. చిన్న పలక, దాని మీద వరసలు వరసలుగా సన్నటి స్ప్రింగు కాంటాక్టులు, వెలుతురు పక్కనుంచి పడితేగానీ ఒక్కొక్కటి విడిగా కనపడవు. బేకు వెళ్ళే సిగ్నళ్ళన్నీ వాటి గుండానే వెళ్తాయి. అక్కడ వేలు పెట్టకూడదు, గుడ్డతో తుడవకూడదు, అంచులు పట్టుకుని ఎత్తి అలాగే పక్కన పెట్టాలి. రెండోది, పెద్ద హీట్‌సింక్‌తో వచ్చే ఎస్ఎస్‌డీలు ఇక్కడ పట్టవు, ఒట్టి డ్రైవులే తీసుకోవాలి.

ఇంతకుమించి అడాప్టర్ మీద నాకు చెప్పడానికేమీ లేదు. పెట్టాను, పనిచేస్తోంది, దాని సంగతే మర్చిపోయాను.

అసలు కథ కార్డుది.

పక్కన దూరే ఎక్స్‌పాన్షన్ కార్డు 30 మిల్లీమీటర్ల వెడల్పు, 32 పొడవు, 6.8 మందం. ఒక చివర యూఎస్‌బీ-సీ ప్లగ్. అంతే. అందులో రహస్యమేమీ లేదు, హెచ్‌డీఎంఐ కార్డు అయినా స్టోరేజ్ కార్డు అయినా లాప్‌టాప్ దృష్టిలో అది యూఎస్‌బీ-సీ పోర్టుకు తగిలించిన పరికరమే. కంపెనీ ఈ కార్డుల కొలతలు, పెట్టె డ్రాయింగులు, కైక్యాడ్ అనే బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకునే సర్క్యూట్ నమూనాలు అన్నీ గిట్‌హబ్‌లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద పెట్టేసింది. తమ పేరు చెబితే చాలు, ఎవరైనా మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. నాకు ఈ లాప్‌టాప్ మీద ఇంత ఇష్టం ఉండటానికి పెద్ద కారణం ఇదే. కొలతలు మనమే కాలిపర్స్‌తో కొలుచుకుని ఊహించుకుంటూ చేసే పనికీ, తయారుచేసినవాళ్ళే ఇచ్చిన డ్రాయింగు తెరిచి చేసే పనికీ చాలా తేడా ఉంది. నేను త్రీడీ ప్రింట్ చేయించిన మొదటి పెట్టె స్లాట్‌లోకి సాఫీగా వెళ్ళి లాచ్ టక్కున పడిందంటే ఆ డ్రాయింగుల పుణ్యమే.

మరి కంపెనీవే 250 జీబీ, 1 టీబీ స్టోరేజ్ కార్డులు ఉండగా సొంతంది ఎందుకు అంటారా? వాటిలో ఎన్‌విఎంఈ డ్రైవు ఉండదు. యూఎస్‌బీ మాట్లాడే ఫైసన్ కంపెనీ కంట్రోలర్ చిప్, పక్కనే ఫ్లాష్ చిప్‌లు నేరుగా బోర్డు మీదే సోల్డర్ చేసి ఉంటాయి. అందుకే అంత చిన్న పెట్టెలో పట్టాయి, కరెంటు కూడా తక్కువే తీసుకుంటాయి. రెండూ చదవడంలో సెకనుకు 1000 ఎంబీ వరకు వెళ్తాయి, రాయడంలో మాత్రం 250 జీబీది 375 ఎంబీ దగ్గర ఆగుతుంది, 1 టీబీది 1000 వరకు వెళ్తుంది. ఎక్కువమందికి నా సలహా ఆ 1 టీబీ కార్డే. కానీ 1 టీబీ మించి కావాలన్నా, పాత లాప్‌టాప్ నుంచో చేతిలో ఇమిడే గేమింగ్ కన్సోల్ నుంచో తీసిన 2230 డ్రైవు ఊరికే పడి ఉన్నా, రేపు డ్రైవు మార్చుకునే వీలుండాలన్నా సొంత కార్డే దారి. నా దగ్గర అలా మిగిలిపోయిన 2230 డ్రైవు ఉంది.

ఇక్కడ మొదటి చిక్కు పొడవు. డ్రైవే 30 మిల్లీమీటర్లు. కార్డు మొత్తం 32. దానిలో ప్లగ్ కూర్చోవాలి, ఎం.2 సాకెట్ కూర్చోవాలి, ఎన్‌విఎంఈని యూఎస్‌బీగా మార్చే బ్రిడ్జ్ చిప్ కూర్చోవాలి, గోడల మందం ఉండాలి. పట్టదు. ఎలా తిప్పినా పట్టదు. కాబట్టి కార్డు లాప్‌టాప్ అంచు దాటి బయటికి రావాల్సిందే. స్లాట్ బయటివైపు తెరిచే ఉంటుంది కాబట్టి ఇది తప్పేమీ కాదు, కంపెనీ ఈథర్‌నెట్ కార్డు కూడా అలాగే బయటికి పొడుచుకుని ఉంటుంది. అయితే పొడుచుకుని ఉన్న భాగం మీద చెయ్యి పడితే ఆ బలమంతా లోపల ప్లగ్ మీద పడుతుంది. అందుకే ప్లగ్‌ను నమ్ముకోకుండా పెట్టెకు రెండు పక్కలా ఉండే గాడులు స్లాట్ పట్టాల్లో బిగుతుగా కూర్చునేలా ప్రింట్ చేయించాలి. వదులుగా ఉంటే కదిలినప్పుడల్లా డ్రైవు ఊడి మళ్ళీ తగులుకుంటుంది, రాస్తుండగా అలా జరిగితే ఫైల్ సిస్టమ్ సంగతి దేవుడికే తెలియాలి.

బోర్డు గురించి. వైర్లు ముక్కలు చేసి అతికించే పని కాదిది. 10 జీబీపీఎస్ (సెకనుకు 10 గిగాబిట్ల) సిగ్నల్ వెళ్ళే రాగి దారుల జతలు 90 ఓమ్‌ల ఇంపీడెన్స్‌తో (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధంతో), ఒకే పొడవుతో, కింద విరగని గ్రౌండ్ పొరతో ఉండాలి. అందుకని నాలుగు పొరల బోర్డు. నేను వాడిన ప్లగ్ బోర్డు అంచున మధ్యలో కూర్చునే రకం, దానికి బోర్డు మందం 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. ప్లగ్‌కు కేబుల్ ఉండదు కాబట్టి ఒక సుఖం ఉంది. తిరగేసి పెడితే ఏ జత వాడాలో తేల్చుకునే పని లాప్‌టాప్‌దే, మన బోర్డులో ఒక్క జత టీఎక్స్ (పంపేది), ఒక్క జత ఆర్ఎక్స్ (అందుకునేది) ఉంటే చాలు, జతలను మార్చే మక్స్ చిప్ అక్కర్లేదు. పరికరం తగిలిందని లాప్‌టాప్‌కు తెలిపే సీసీ పిన్ నుంచి గ్రౌండ్‌కు 5.1 కిలోఓమ్ రెసిస్టర్ మాత్రం ఉండాలి, అది లేకపోతే లాప్‌టాప్ అసలు కరెంటే ఇవ్వదు, బోర్డు చచ్చిందేమో అనుకుని గంటలు గంటలు వెతుక్కుంటాం.

బ్రిడ్జ్ చిప్‌గా రియల్‌టెక్ ఆర్‌టీఎల్9210బీ పెట్టించాను. ఇదే పనికి జేమైక్రాన్ జేఎంఎస్583, ఏఎస్‌మీడియా ఏఎస్ఎం2362 కూడా ఉన్నాయి, అన్నీ 10 జీబీపీఎస్ రకమే. ఏఎస్ఎం2464పీడీ అనే యూఎస్‌బీ4 చిప్ పెడితే 40 జీబీపీఎస్ వస్తుంది, ఆశ పుడుతుంది, నాకూ పుట్టింది. కానీ ఆ చిప్ వేడి, దానితో పాటు ఆ వేగంలో పరిగెత్తే డ్రైవు వేడి ఇంత చిన్న పెట్టెలో ఎక్కడికి పోతుంది? పైగా 16లో అన్ని స్లాట్లూ యూఎస్‌బీ4 కావు, రెండే. అంత వేగం కావాలంటే బే ఉండనే ఉంది.

వేడి గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కార్డు బాగా వచ్చిందా లేదా అన్నది చివరికి ఇక్కడే తేలుతుంది. ఎన్‌విఎంఈ డ్రైవు బాగా పనిచేస్తున్నప్పుడు చిన్నదైనా కొన్ని వాట్లు తీసుకుంటుంది, అదంతా అగ్గిపెట్టె అంత పెట్టెలో వేడిగా మారుతుంది. గాలి ఆడదు, ఫ్యాన్ లేదు. పెద్ద కాపీ పెట్టి కాసేపయ్యాక బయటికి ఉన్న భాగం ముట్టుకుంటే వేలు వెనక్కి తీసుకునేంత వేడి. పీఎల్ఏ ప్లాస్టిక్‌తో ప్రింట్ చేయించారంటే అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది, పెట్టె వంగి స్లాట్‌లో ఇరుక్కుంటే కార్డు బయటికి రాదు. పీఈటీజీ కొంత నయం, ఏబీఎస్ ఇంకా నయం. నేను ఏబీఎస్ పెట్టెకు పైమూత బదులు పల్చటి అల్యూమినియం పలక పెట్టి, డ్రైవుకూ దానికీ మధ్య థర్మల్ ప్యాడ్ వేశాను. పలక బయటి గాలికి తగులుతుంది, వేడి అటు పోతుంది. దీంతో పెద్ద కాపీల్లో డ్రైవు తనంతట తను వేగం తగ్గించుకోవడం దాదాపు ఆగిపోయింది.

ఇంకో విషయం, కొనేవాళ్ళకు పెట్టె మీద కనపడనిది. 2230 డ్రైవుల్లో చాలావాటికి సొంత డీర్యామ్ (పని నడిపే మెమరీ) ఉండదు. లోపలి స్లాట్‌లో ఉంటే కంప్యూటర్ ర్యామ్‌లోనే కొంచెం అప్పు తీసుకుని పని నడిపిస్తాయి. యూఎస్‌బీ బ్రిడ్జ్ వెనక కూర్చుంటే ఆ అప్పు పుట్టదు. పెద్ద ఫైళ్ళు వరసగా కాపీ చేస్తే తేడా తెలియదు గానీ, చిన్న చిన్న ఫైళ్ళు వేలల్లో ఉన్న ఫోల్డర్లు, వర్చువల్ మెషీన్లు అయితే అదే డ్రైవు లోపల ఉన్నప్పటికంటే నీరసంగా అనిపిస్తుంది. కార్డు పాడైందనుకోకండి, దాని స్వభావమే అంత.

సొంత బోర్డు చేయించే ముందు ఒక రెడీమేడ్ బ్రిడ్జ్ బోర్డు కొని చూశాను, ఎవరిదో చెప్పను. చదవడం బాగానే ఉండేది, రాయడం మొదలై కాసేపయ్యేసరికి డ్రైవు మాయం. లాగ్‌లో వరసగా రీసెట్లు. మీటరు పెట్టి చూస్తే 3.3 వోల్టుల లైన్ బరువు పడగానే కిందికి జారిపోతోంది, బోర్డు మీద వోల్టేజీని నిలబెట్టాల్సిన రెగ్యులేటర్ ఈ డ్రైవుకు చాలనిది. డ్రైవు స్టిక్కర్ మీద ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది, రెగ్యులేటర్ దానికి మించి ఇవ్వగలదో లేదో డేటాషీట్‌లో చూసుకోకుండా ఏ బోర్డూ తీసుకోవద్దు. ఈ రకం బోర్డులు అమ్మేవాళ్ళు వేగం అంకెలు పెద్ద అక్షరాల్లో వేస్తారు, రెగ్యులేటర్ గురించి ఒక్క ముక్క రాయరు. డేటా పోయేది అక్కడ.

లినక్స్ వాడేవాళ్ళు రెండు చూసుకోవాలి. డ్రైవు యూఏఎస్ అనే వేగమైన పద్ధతిలో వచ్చిందా, పాత యూఎస్‌బీ-స్టోరేజ్ పద్ధతిలోనా అన్నది ఒకటి, పాత పద్ధతైతే వేగం బాగా పడిపోతుంది. ట్రిమ్ వెళ్తోందా అన్నది ఇంకొకటి. చాలా బ్రిడ్జ్‌లు ట్రిమ్‌ను దాటించగలవు, కానీ కెర్నల్ దాన్ని తనంతట తను ఆన్ చేయకపోవచ్చు. ఆ పరికరానికి ప్రొవిజనింగ్ మోడ్‌ను అన్‌మ్యాప్‌గా మార్చే చిన్న యూడెవ్ రూల్ (పరికరం తగలగానే లినక్స్ పాటించే నియమం) రాస్తే సరిపోతుంది. స్మార్ట్ వివరాలు కూడా మామూలుగా అడిగితే రావు, స్మార్ట్‌సీటీఎల్ అనే టూల్‌కు రియల్‌టెక్ బ్రిడ్జ్ అని విడిగా చెప్పాలి, అప్పుడు ఉష్ణోగ్రతతో సహా అన్నీ చూపిస్తుంది.

ఇన్ని చెప్పాక కార్డు దేనికి పనికొచ్చినట్టు అంటే, నాకు చాలా వాటికి. విడి లినక్స్ దానిలోనే ఉంటుంది, కావాలంటే పెట్టి బూట్ చేస్తాను, వద్దంటే లాచ్ విడిపించి లాగి పక్కన పెడతాను, మెయిన్ సిస్టమ్‌కు దాని గాలి కూడా సోకదు. అదే ప్లగ్ మామూలు యూఎస్‌బీ-సీ కాబట్టి వేరే ఏ కంప్యూటర్‌కైనా ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో తగులుతుంది. పని లేనప్పుడు తీసేయడం ఎలాగూ మంచిదే, ఖాళీగా ఉన్నా బ్రిడ్జ్, డ్రైవు కలిసి బ్యాటరీ తాగుతూనే ఉంటాయి. ఇంత తేలిగ్గా ఊడి వచ్చే డ్రైవును ఎన్‌క్రిప్ట్ చేయకుండా మాత్రం వాడకండి. లాప్‌టాప్‌కు పాస్‌వర్డ్ ఉన్నా కార్డు లాక్కుపోవడానికి రెండు సెకన్లు చాలు. నాది మొత్తం లినక్స్‌లో ఉండే లక్స్ అనే ఎన్‌క్రిప్షన్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి ఉంది.

13 వాడేవాళ్ళకు బే లేదు కాబట్టి కార్డులే గతి. వైఫై కార్డు తీసేసి ఆ స్లాట్‌లో అడాప్టర్‌తో ఎస్ఎస్‌డీ పెట్టేవాళ్ళూ ఉన్నారు, వైఫై వదులుకోవడానికి నా మనసు ఒప్పదు. ముందు లోపలి 2280ని పెద్దదానికి మార్చుకోండి, అప్పటికీ చాలకపోతే కంపెనీ 1 టీబీ కార్డు, అప్పటికీ చాలకపోతేనే సొంత బోర్డు. ఆ వరస దాటి నేరుగా బోర్డు చేయించడం మొదలుపెట్టాలంటే అది మీకు సరదా అయి ఉండాలి. అలాగే మెయిన్‌బోర్డ్ అప్‌గ్రేడ్ చేసుకున్నవాళ్ళు పాతదాన్ని పారేయకండి, బ్యాటరీ, స్క్రీన్ లేకుండా విడిగా నడుస్తుంది, దానికి కేసు కూడా దొరుకుతుంది, ఈ కార్డులన్నీ దానికీ తగులుతాయి. ఇంట్లో ఫైల్ సర్వర్‌గా చక్కగా పనికొస్తుంది.

ఫ్రేమ్‌వర్క్ వాళ్ళను నేను అడిగేది ఒక్కటే. ఈథర్‌నెట్ కార్డును పొడుగ్గా చేసినట్టే, 2230 డ్రైవు పట్టే పొడుగు కార్డు, అల్యూమినియం పెట్టెతో, మంచి రెగ్యులేటర్‌తో, డ్రైవు లేకుండా ఖాళీగా అమ్మండి. డ్రైవు మేం పెట్టుకుంటాం.